అధ్యక్షుల వారి ఫొటో కదలరాదు

కోనసీమలో ఒక కొబ్బరి వర్తకుల సంఘం వెబ్‌సైటు ఇంకా ఫ్రేముల మీదే, అంటే తెరను గళ్లుగా కోసి ఒక్కో గడిలో ఒక్కో పేజీ పెట్టే పాత పద్ధతిలోనే నడుస్తోందని కుర్రకారు ఎటకారాలాడుతున్నారు. 2014లో వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 5వ వెర్షన్ ఖరారైనప్పుడే, ఇలా ఫ్రేములు కోసే ఫ్రేమ్‌సెట్‌కు కాలం చెల్లిందట. అయితే ఏమిటండీ? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలంటూ గోదావరిని పంచుకున్న మనకి, 1996లో నెట్‌స్కేప్ బ్రౌజరు వాళ్లొచ్చి తెరను పంచడం నేర్పాలా?

పేజీని ఫ్రేములుగా కోయడం పంపకాల వ్యవహారం. పెద్దమనుషులు కూర్చుని తేల్చాలి, తేల్చారు కూడా. పై ఫ్రేము అధ్యక్షుల వారిది. కింద ఎంత స్క్రోల్ చేసినా ఆయన ఫొటో చెక్కుచెదరదు. ఎడమ ఫ్రేము కార్యదర్శి గారి మెనూ. కుడివైపు, విరాళమిచ్చిన నూనె మిల్లు వారి ప్రకటన. అడుగున ఉపాధ్యక్షులు, అది కూడా లేకపోతే ఆయన మీటింగుకి రారు. అందరికీ పెట్టగా మిగిలిన జానెడు జాగా విషయానికి ఇచ్చారు.

రైతుకి కావలసింది కాయ ధర. ఆ లింకు మెనూలో చిట్టచివర ఉంది. స్క్రోల్ బారు అందంగా లేదని తీయించేశారు కాబట్టి ఫోనులో అక్కడిదాకా వెళ్లే మార్గం లేదు. కావాలనే చేశారని గిట్టనివాళ్లు అంటారు గానీ, అంత ఆలోచన అక్కడ జరిగిందంటే నేను నమ్మను.

ఇక హోమ్ లింకు. దాని టార్గెట్ (నొక్కితే పేజీ ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే మాట) దగ్గర 'అండర్‌స్కోర్ టాప్' అని రాసుంటే పాత ఫ్రేములన్నీ పోయి సైటు మొదటినుంచి తెరుచుకునేది. రాయలేదు. అందుచేత నొక్కగానే సైటు మొత్తం ఆ జానెడు జాగాలోకే దిగుతుంది. అధ్యక్షుల వారి కింద మళ్లీ అధ్యక్షుల వారు, కాస్త చిన్న సైజులో. లోపలి మెనూలో ఇంకోసారి నొక్కితే మూడో అధ్యక్షుల వారు. కమిటీలో దీన్ని తప్పన్నవాళ్లు లేరు. "నిండుగా ఉందండి" అన్నారు.

ఏ పేజీకి వెళ్లినా పైన అడ్రసు మాత్రం మారదు. అంచేత ధర చూపిద్దామని అమలాపురం నుంచి కాకినాడకి లింకు పంపితే, అక్కడ తెరుచుకునేది అధ్యక్షుల వారి నమస్కారం. గూగుల్లో వెతికి వచ్చినవాడిది ఇంకో అవస్థ. ధరల పట్టిక ఒక్కటే ఊడొచ్చి పడుతుంది. మెనూ ఉండదు, ఏ సంఘానిదో తెలీదు. పోనీ ధరైనా తాజాదా అంటే, పట్టిక మార్చే కుర్రాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది.

మొన్న మీటింగులో ఒక ఇంజినీరింగు పిల్లాడు లేచి, ఫ్రేములు తీసేసి మెనూని సీఎస్ఎస్‌తో (పేజీ రూపాన్ని దిద్దే భాష) పక్కన నిలబెడదామని, ప్రతి పేజీకీ సొంత అడ్రసు ఇద్దామని చెప్పాడు. సబబైన మాటే.

"మరి ఫొటో?" అన్నారెవరో.

"దాన్నీ కదలకుండా నిలబెట్టొచ్చండి. కాకపోతే ఫోనులో సగం తెర అదే తినేస్తుంది."

"సగమేనా?" అన్నారు అధ్యక్షుల వారు.