పాడేవాళ్ల శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్, మహారాజశ్రీ ఆటోట్యూన్ గారికి

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అమ్మ గొంతు తప్ప.

నిన్న మా చెల్లెలి బిడ్డ నామకరణానికని అమ్మ లాలిపాట రికార్డింగు పెట్టుకున్నాం. 2 గంటలకు రమ్మన్న స్టూడియో కుర్రాడు నాలుగున్నరకు మైకు ముందు కూర్చోబెట్టాడు. ఏసీ లేదు, ఫ్యానేమో రికార్డింగులో పడుతుందని ఆపేశాడు. పోనీలెండి. 68 ఏళ్ల మనిషి చెమటలు కక్కుతూ ఒక్క టేకులో పాడేసింది. రాత్రి వాట్సాప్‌లో పాట వచ్చింది. అమ్మ ఫోను చెవికి ఆనించుకుని మొత్తం విని, "గొంతు బాగుండాది నాయనా. ఎవురు పాడింది?" అంది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలియనివాణ్ణి కాను. చమురు కోసం భూమిలోకి ధ్వని తరంగాలు పంపి ప్రతిధ్వనుల లెక్కలు కట్టిన ఆండీ హిల్డెబ్రాండ్, ఆ లెక్కల్నే గొంతుల మీదికి మళ్లించి 1997లో మిమ్మల్ని కన్నాడు. మరుసటేడు అమెరికా గాయని షేర్ పాడిన 'బిలీవ్'లో, ఆ పాట చేసినవాళ్లు స్వరాన్ని ఎంత త్వరగా లాగాలో చెప్పే మీ వేగం మీటను సున్నా దగ్గర పెట్టి గొంతును విరిచారు. మొదట్లో మీ పేరు బయటపెట్టకుండా ఇంకేదో పరికరం పేరు చెప్పారు కూడా. అయినా బాగుంది, కాదనను. వాళ్లు కావాలని చేసుకున్నారు. మా అమ్మ ఎప్పుడడిగిందండీ?

'లాలీ' అన్నచోట అమ్మ గొంతు తిన్నగా దిగదు. ఘాట్ రోడ్డులో బస్సు దిగినట్టు, మలుపు దగ్గర కాస్త ఊగి మరీ దిగుతుంది. ఆ ఊపుకే నేనూ చెల్లీ నిద్రపోయేవాళ్లం. మీకేమో ఆ కుర్రాడు స్థాయికి 12 స్వరాల మెట్లు తప్ప వేరే దారి చూపలేదు. మధ్యలో ఎవరైనా కనిపిస్తే జబ్బ పట్టి దగ్గర్లోని మెట్టు మీదికి లాగడమే. టక్, టక్, టక్. ఘాట్ రోడ్డంతా తవ్వేసి అలిపిరి మెట్లు కట్టి పెట్టావు కదయ్యా! "శ్రుతి తప్పిందన్నా, సరిచేసినా" అన్నాడు కుర్రాడు. 35 ఏళ్లుగా ఆమె సరిగ్గా అదే చోట, సరిగ్గా అంతే తప్పుతోంది. అది తప్పా? నీకసలు చెవులున్నాయా?

"మధ్యలో అమ్మ ఊపిరి కూడా తీసేసినానన్నా" అన్నాడు పైగా. ఎంత మాట!

అసలు రికార్డింగు ఇమ్మంటే డిస్కులో చోటు లేక తీసేశాడట. ఆదివారం మళ్లీ పోదామన్నాను.

"ఎందుకు నాయనా డబ్బు దండగ," అంటోంది అమ్మ. "ఆ పాప ఎవురో గానీ బాగా పాడింది గదా."