రివైండ్ నొక్కుతూ ఆడిన గేమ్‌కు మార్కులు వేయకండి

గుంతలూ మెట్లూ దూకుతూ ముందుకు సాగే పాత ప్లాట్‌ఫామ్ గేమ్‌లను మళ్ళీ బయటికి తీసి, మొదటి నుంచి చివరి దాకా ఆడి, వాటి మీద తమ అభిప్రాయం రాసేవారు మన తెలుగువాళ్ళలో కూడా ఈ మధ్య బాగా పెరిగారు. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే ఆ రాతల్లో చాలావాటిని చదువుతుంటే, రాసినవారు గేమ్‌ను ఆడారని కాక, దాని తెరలన్నిటినీ వరసగా చూసి వచ్చారని అనిపిస్తోంది. గుంతలో పడగానే రివైండ్ నొక్కి ఆటను కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకోవడం, రెండు దూకులకు ఒకసారి సేవ్ చేసుకోవడం, అలా ఒక్క పూటలో చివరి బాస్‌ను, అంటే ఆఖరి పెద్ద శత్రువును, చంపేసి 'ఈ కాలానికి నిలబడదు, పదికి ఐదు' అని తేల్చేయడం మామూలైపోయింది. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కష్టపడకుండా గెలిచారన్నది నా బాధ కాదు. ఎవరి వినోదం వారిది. వేళ్ళ నొప్పులున్నవారికీ, రోజుకు అరగంట తీరిక కూడా దొరకనివారికీ రివైండ్ చాలా మంచి సదుపాయం. తీర్పు చెప్పేటప్పుడే చిక్కు వస్తుంది. అలా ఆడినప్పుడు గేమ్‌లోని మంచీ కనబడదు, చెడూ కనబడదు.

అందరికీ తెలిసిన సూపర్ మారియో బ్రదర్స్‌తోనే మొదలుపెడతాను. 1985లో నింటెండో విడుదల చేసిన ఈ గేమ్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. అంత ఇరుకులో షిగేరు మియమోటో, తకాషి తెజుకాల బృందం 32 లెవెళ్ళు పట్టించింది. చోటు కలిసివస్తుందని మేఘానికీ పొదకూ ఒకే బొమ్మను రంగు మార్చి వాడింది. మొదటి లెవెల్ ఆరంభాన్ని ఒక్కసారి దగ్గరగా చూడండి. మారియో ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీగా ఉంటుంది, కాబట్టి ఎటు నడవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. నాలుగడుగులు వేయగానే గూంబా అనే చిన్న శత్రువు ఎదురొస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, కానీ పోయిన దూరం ఆ నాలుగడుగులే. ఆ తరువాత ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికి వచ్చి, కుడివైపు జారి, కిందికి దిగి, గొట్టానికి తగిలి వెనక్కి మన మీదికే వస్తుంది. దాన్ని కూడా శత్రువే అనుకుని దూకబోతే పైన ఇటుకలు అడ్డం తగిలి తిరిగి దాని మీదే పడే అవకాశం ఎక్కువ. భయపడి దూకినవాడు కూడా పెద్ద మారియో అయి, పుట్టగొడుగు మంచిదని తెలుసుకుంటాడు. ఈ అమరిక కావాలని చేసిందేనని మియమోటో తరువాతి కాలంలో స్వయంగా వివరించారు.

ఇక్కడ నేర్పుతున్నది ప్రాణం పోతుందన్న జంకే. ఆ జంకు ఖరీదును గేమ్ చాలా లెక్కగా పెంచుకుంటూ పోతుంది. మొదటి ఏడు ప్రపంచాల్లో, కోటలు తప్ప మిగిలిన లెవెళ్ళలో సగం దాటాక చనిపోతే సగం దగ్గరి నుంచే మొదలవుతుంది. ఎనిమిదో ప్రపంచంలో ఆ సౌకర్యం ఏ లెవెల్‌కూ లేదు. అంతవరకూ ధైర్యంగా పరుగెత్తిన చెయ్యి అక్కడ తనంతట తానే నెమ్మదిస్తుంది, దూకే ముందు చోటు చూసుకుంటుంది. రివైండ్ ఉన్నవాడికి మొదటి గుంతా, ఎనిమిదో ప్రపంచంలోని చివరి గుంతా ఒకటే ధర. అలాంటివాడు 'చివరి లెవెళ్ళలో కొత్తదనం లేదు' అని రాస్తే, అవుట్ అన్నదే లేకుండా కబడ్డీ ఆడి కబడ్డీలో పస లేదన్నట్టుగా ఉంటుంది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. లైఫులన్నీ అయిపోతే మళ్ళీ మొదటికే రావాలని ఈ గేమ్‌ను నిందించేవారు చాలామంది ఉన్నారు. టైటిల్ తెర మీద ఎ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, చనిపోయిన ప్రపంచపు మొదటి లెవెల్ నుంచే ఆడవచ్చు. రివైండ్ మీద ఆధారపడ్డవారికి దీన్ని తెలుసుకునే అవసరమే రాలేదు.

నా వాదనకు మారియో కన్నా మంచి ఉదాహరణ 1988లో క్యాప్‌కామ్ తెచ్చిన మెగా మ్యాన్ 2. ఎనిమిది మంది బాస్‌లను మనకు నచ్చిన వరసలో ఎదుర్కోవచ్చు. ఒకరిని ఓడిస్తే వారి ఆయుధం మనదవుతుంది. ఆ బాస్‌లలో ఒకడైన హీట్ మ్యాన్ లెవెల్‌లో మంటల గుంట మీద కనిపిస్తూ మాయమవుతూ ఉండే పెట్టెల వరస ఒకటి ఉంది. దాని లయను బట్టీ పట్టి దాటాలంటే చెమటలు పడతాయి. రివైండ్‌తో ఆడినవారు దీన్ని ఒక్కొక్క పెట్టె చొప్పున దాటేసి, 'అర్థం లేని కష్టం' అని రాస్తారు. కానీ ముందుగా ఎయిర్ మ్యాన్‌ను ఓడించి వస్తే ఐటమ్-2 అనే ఎగిరే బల్ల దొరుకుతుంది, దాని మీద నిలబడి ఆ గుంటను చాలావరకూ తేలిగ్గా దాటిపోవచ్చు. పదే పదే చనిపోయినవాడే 'వేరే దారి ఉండి ఉండాలి' అని వెనక్కి వెళ్ళి, వరస మార్చి చూస్తాడు. ఆ ఆలోచన పుట్టించడానికే ఆ కష్టాన్ని అక్కడ పెట్టారు.

క్విక్ మ్యాన్ లెవెల్ ఇంతకన్నా పదునైనది. కిందికి జారుతున్న మన మీదికి పక్క గోడల నుంచి కిరణాలు వస్తాయి, ఒక్కటి తగిలినా ప్రాణం పోతుంది. ఫ్లాష్ మ్యాన్ అనే బాస్ దగ్గర సంపాదించిన టైమ్ స్టాపర్ ఆయుధం వాడితే కిరణాలన్నీ ఆగిపోతాయి. అయితే దాన్ని ఒకసారి మొదలుపెడితే ఇంధనం మొత్తం ఖర్చయ్యేదాకా ఆగదు. అదే టైమ్ స్టాపర్‌ను దాచుకుని క్విక్ మ్యాన్ మీద వాడితే అతని బలం సగం పోతుంది. కిరణాల దగ్గర ఖర్చు పెట్టాలా, బాస్ కోసం దాచాలా అన్న ఈ ప్రశ్న నాకు తెలిసిన ప్లాట్‌ఫామ్ గేమ్‌లలోకెల్లా అందమైన ప్రశ్నల్లో ఒకటి. రివైండ్ చేతిలో ఉన్నవాడికి ఈ ప్రశ్నే ఎదురుకాదు.

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి, ఎందుకంటే నేను పాత గేమ్‌లలో ప్రతి కష్టాన్నీ వెనకేసుకొచ్చే మనిషిని కాను. ఇదే మెగా మ్యాన్ 2లో ప్రధాన విలన్ వైలీ కోటలో నాలుగో దశ బాస్ ఒక గది. గోడలకు అమర్చిన అయిదు ఫిరంగులనూ క్రాష్ బాంబర్ అనే ఆయుధంతో తప్ప పగలగొట్టలేం, వాటికి అడ్డున్న గోడలను కూడా దానితోనే పేల్చాలి, నిండు ఇంధనానికి వచ్చేది ఏడు బాంబులే. ఎక్కడ వాడాలన్న లెక్క తప్పితే గెలిచే దారే ఉండదు. చనిపోయాక, ఆ ఇంధనం కోసం దారిలో చిన్న శత్రువులను మళ్ళీ మళ్ళీ చంపుకుంటూ ఏరుకోవాలి. ఇందులో నేర్పేదేమీ లేదు, ఉత్త కాలహరణం. ఇంత గొప్ప గేమ్‌లో ఇది నిజమైన మచ్చ. తమాషా ఏమిటంటే, రివైండ్‌తో ఆడినవారి రాతల్లో ఈ మచ్చ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, ఎందుకంటే బాంబు వృథా అయిన మరుక్షణమే వారు వెనక్కి తిప్పేశారు. పొగడవలసినదాన్ని తిట్టి, తిట్టవలసినదాన్ని చూడకుండానే దాటిపోవడం అంటే ఇదే.

1988 నాటి నింజా గైడెన్‌ది కూడా ఇదే సంగతి. దాని కత్తి వేగమూ, గోడలకు అతుక్కుని ఎగబాకే తీరూ, లెవెళ్ళ మధ్య కథ చెప్పే బొమ్మలూ నాకు ఇప్పటికీ ఇష్టమే. ఎన్నిసార్లయినా కంటిన్యూ చేయనివ్వడం కూడా ఉదారమే. కానీ తెర అంచు దగ్గర ఒక అడుగు వెనక్కి వేస్తే చంపిన శత్రువు మళ్ళీ పుట్టుకొస్తాడు. గుంత మీదుగా దూకే క్షణానికి సరిగ్గా పక్షి వచ్చి తగిలి కిందికి తోస్తుంది. చివరి బాస్‌ల దగ్గర ఓడిపోతే ఆరో అంకం మొదటికి నెట్టేస్తుంది. బాస్ ఎత్తుగడలు నేర్చుకోవడానికి దొరికేది ఒక్క నిమిషం, అక్కడికి మళ్ళీ చేరడానికి పట్టేది అంతకు ఎన్నో రెట్లు. ఈ దూరం ఆటగాడికి ఏమీ నేర్పదని నా నమ్మకం. అందుకే నేను దీనికి మెగా మ్యాన్ 2 కన్నా తక్కువ స్థానమే ఇస్తాను. ఆ దూరాన్ని నిజంగా నడిచి చూసినవారే దాన్ని తప్పని నిలబెట్టి చెప్పగలరు.

పాత గేమ్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది దూకు. మారియో ఎంతసేపు బటన్ పట్టుకుంటే అంత ఎత్తుకు ఎగురుతాడు, పరుగులో ఉంటే ఇంకా ఎత్తుకు పోతాడు, గాలిలో కూడా కొంత దారి మార్చుకోగలడు. 1986 నాటి క్యాసిల్‌వేనియాలో కథానాయకుడు సైమన్ ఒకసారి నేల వదిలాడంటే మధ్యలో దారి మార్చడం కుదరదు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడతాడు. దీన్ని 'చెత్త కంట్రోల్స్' అని కొట్టిపారేయడం అన్యాయం. అడగవలసింది ఒకటే: ఆ దూకుకు తగ్గట్టు శత్రువులను అమర్చారా, లేదా? అమర్చారు. అలలా పైకీ కిందికీ ఊగుతూ వచ్చే మెడూసా తలలూ, ఎదురుగా గొడ్డళ్ళు విసిరే కవచధారులూ ఉన్న ఆ పేరుమోసిన నడవాలో, ఎప్పుడు దూకకూడదో తెలిసినవాడే బతుకుతాడు. పవిత్ర జలం సీసా దగ్గరుంటే కవచధారిని కదలకుండా నిలిపి చంపవచ్చు. అలాగే 1989లో జోర్డాన్ మెక్‌నర్ ఆపిల్ 2 కంప్యూటర్ మీద చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో రాకుమారుడు మనిషిలాగే కదులుతాడు. తన తమ్ముడు పరుగెత్తడాన్నీ, దూకడాన్నీ వీడియో తీసి, ఆ కదలికలనే మెక్‌నర్ బొమ్మలుగా గీశారు. అందుకే అతను పరుగు అందుకోవడానికీ, ఆగడానికీ కొన్ని అడుగులు కావాలి. స్కూలు కంప్యూటర్ ల్యాబుల్లో డేంజరస్ డేవ్‌తో పాటు దీన్ని ఆడిన తరం మనలో ఉంది, వారికి ఆ బరువు చేతివేళ్ళకే తెలుసు. పైగా గేమ్ మొత్తానికీ 60 నిమిషాల గడువు. బలం పెంచే సీసా కోసం పక్కదారి పట్టాలా వద్దా అన్నది ఆ గడువు వల్లనే నిర్ణయమవుతుంది, గడియారాన్ని కూడా వెనక్కి తిప్పుకునేవారికి అది ఉత్త అంకె.

యంత్రం గురించి కూడా రెండు మాటలు చెప్పకపోతే ఈ విషయం పూర్తికాదు. జపాన్, అమెరికా యంత్రాలు సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, చూపేవి. మన దేశంలోలాగా పాల్ అనే ప్రసార పద్ధతి వాడే టీవీలకు 50. ఆ గేమ్‌లు చాలావరకూ కాలాన్ని ఫ్రేముల్లోనే కొలుస్తాయి కనుక, 60కి తయారైన గేమ్ 50 మీద నడిస్తే అసలు వేగంలో ఆరింట ఐదు వంతులే ఉంటుంది, సంగీతం కూడా అంతే నెమ్మదిస్తుంది. చిన్నప్పుడు టీవీ గేమ్ మీద దాటేసిన గుంత ఇప్పుడు పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలో కష్టంగా అనిపిస్తే దానికి ఇదొక కారణం కావచ్చు. ఇంకొకటి ఇప్పటి టీవీల ఆలస్యం. గేమ్ మోడ్ పెట్టకపోతే బటన్ నొక్కిన చాలా ఫ్రేముల తరువాత బొమ్మ కదిలే టీవీలు ఎన్నో ఉన్నాయి. ఆ తప్పును గేమ్ నెత్తిన రుద్దకూడదు.

చిన్ననాటి మమకారం కూడా తీర్పును వంకర చేస్తుంది, రివైండ్‌కు వ్యతిరేక దిశలో. '9999 ఇన్ 1' అని రాసి ఉన్న క్యాసెట్టులో ఉండేవి కొన్ని గేమ్‌లే. ఒకే గేమ్‌ను వేరే లెవెల్ నుంచో, ఎక్కువ లైఫులతోనో మొదలయ్యేలా మార్చి అంకెలు నింపేవారు. మనలో చాలామంది ఆడింది అసలు రూపం కాదు. అడ్వెంచర్ ఐలాండ్ అంటే ప్రాణం పెట్టేవారిని నేను ఎందరినో చూశాను. పండ్లు ఏరుకోకపోతే తరిగిపోయే బలమూ, ఎక్కితే ఆగకుండా ముందుకే పోయే స్కేటుబోర్డూ మంచి ఊహలే. కానీ 32 రౌండ్లనూ కూర్చుని ఆడితే, అవే అడవులూ అవే గుహలూ మళ్ళీ మళ్ళీ రావడం చూసి, దాన్ని మారియో పక్కన నిలబెట్టడం నాకు సాధ్యం కాదు.

మరి సేవ్ అసలు వాడకూడదా అంటే, వాడండి, కానీ గేమ్ తానుగా ఆగిన చోట వాడండి. జపాన్‌లో డిస్క్ మీద వచ్చిన క్యాసిల్‌వేనియాలో సేవ్ ఉండనే ఉంది. మెగా మ్యాన్ 2కు ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టే పాస్‌వర్డ్ ఉంది. కాబట్టి అంకం మొదట్లో సేవ్ చేసుకుని, గదిలోకి వెళ్ళాక గేమ్ నియమాలకు కట్టుబడి ఆడితే చాలు. ఒక గదిని నేర్చుకోవడానికి రివైండ్ వాడుకుని, తరువాత ఆ అంకాన్ని మొదటి నుంచి శుభ్రంగా ఆడినా నాకు అభ్యంతరం లేదు. మీ రాతలో మాత్రం ఏ రూపాన్ని ఆడారో, ఏ యంత్రం మీద ఆడారో, ఏ సాయం తీసుకున్నారో మొదటి పేరాలోనే చెప్పండి. ఇలా ఆడి చూశాక కూడా తప్పు తప్పుగానే మిగిలే గేమ్‌లు ఉన్నాయి. ఘోస్ట్స్ అండ్ గోబ్లిన్స్ ఒకసారి పూర్తిచేస్తే, చూసిందంతా సైతాను పన్నిన వల అని చెప్పి మొదటి లెవెల్‌కు పంపేస్తుంది, అసలు ముగింపు కోసం అంతా రెండోసారి ఆడాలి. రెండు దెబ్బలకే ప్రాణం పోయే దాని కథానాయకుడు ఆర్థర్‌తో మొదటి దండయాత్ర నాకు ఎంతో నచ్చింది. రెండోదానికి మాత్రం నేను ఒక్క మార్కు కూడా వేయను.