తేనె చుక్కలతో శుక్లాలు కరగవు, నీటికాసులు ఆగవు

వారం నుంచి మా ఇంటివాళ్ల గ్రూపులో, కాలనీ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "శుక్లాలకైనా నీటికాసులకైనా ఆపరేషన్ అక్కర్లేదు. తేనె, ఉల్లిరసం, అల్లంరసం, నిమ్మరసం సమానంగా కలిపి రోజూ రెండు చుక్కలు వేసుకుంటే 40 రోజుల్లో పొర కరుగుతుంది, కంటి ప్రెషర్ దిగుతుంది" అని. దాని కిందే ఇంకొన్ని మాటలు: శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్ చేయించాలట, ఎండాకాలంలో అసలు వద్దట, చూపు బాగున్నవాళ్లకి నీటికాసులు ఉండవట, డాక్టర్లు ఇచ్చే చుక్కల మందుతో చూపు పెరగదు కాబట్టి అది డబ్బు దండగట. మొన్న మల్కాజిగిరి నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి "ఇది వేసుకోనారా?" అని అడిగింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఈ రెండూ ఒకటే జబ్బు అన్నట్టు రాయడం పెద్ద తప్పు. కనుపాప వెనక మనకి పుట్టుకతోనే తేటగా ఉండే ఒక లెన్స్ ఉంటుంది. వయసు పైబడేకొద్దీ అందులోని ప్రొటీన్లు ముద్దకట్టి అది మసకబారుతుంది, అదే శుక్లం. మనం 'పొర' అంటాం కానీ అది కంటి మీద పేరుకున్న పొర కాదు, లోపలి లెన్సే మారిపోవడం. నీటికాసులు అలా కాదు. కంటిలో ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతూ బయటికి పోతూ ఉంటుంది (కన్నీళ్లు వేరు, ఇది వేరు), చాలామందిలో అది పోయే దారి సరిగ్గా పనిచేయక లోపల ప్రెషర్ పెరుగుతుంది, కంటి నుంచి మెదడుకి వెళ్లే నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. కొంతమందికి ప్రెషర్ మామూలుగా ఉన్నా ఆ నరం దెబ్బతింటుంది. శుక్లంతో తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. నీటికాసులతో పోయిన చూపుని మాత్రం ఈరోజుకీ ఏ మందూ, ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. అలాంటి జబ్బు ఉన్నవాళ్లని 40 రోజులు ఆగి చూడమంటున్నారు!

ఇక ఆ చుక్కల సంగతి. ఉడికిన గుడ్డులో తెల్లసొన మళ్లీ నీళ్లలా అవ్వదు కదా, ముద్దకట్టిన లెన్స్ కూడా అంతే. 2015లో లానోస్టెరాల్ అనే పదార్థంతో కుక్కల కళ్లలో శుక్లం తగ్గిందని ఒక పరిశోధన వచ్చింది, అందరూ ఆశపడ్డారు, కానీ మనుషుల కళ్ల నుంచి తీసిన శుక్లాలని మన దేశపు డాక్టర్లే అందులో నానబెట్టి చూస్తే ఏ మార్పూ కనిపించలేదు. ల్యాబులో తయారైనదాని పరిస్థితే ఇది. నిమ్మరసం యాసిడ్, ఉల్లిరసం మంట, వంటింటి సీసాలోని తేనెలో సూక్ష్మక్రిములు ఉండొచ్చు. వీటితో నల్లగుడ్డు మీద పుండు పడితే అది మానినా మచ్చ మిగులుతుంది, అప్పుడు శుక్లం ఆపరేషన్ చేయించుకున్నా చూపు సరిగ్గా రాదు.

మెసేజ్‌లో ఒక సాక్ష్యం కూడా ఉంది, జనం నమ్ముతున్నది దాన్ని చూసే. ఎవరో 70 ఏళ్ల పెద్దాయన ఈ చుక్కలు వేసుకుని కళ్లద్దాలు లేకుండా పేపరు చదివేస్తున్నారట. ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. శుక్లం లెన్స్ మధ్య భాగంలో గట్టిపడేటప్పుడు కంటి పవర్ మైనస్ వైపు జరుగుతుంది, దాంతో కొన్నాళ్లపాటు దగ్గరి అక్షరాలు అద్దాలు లేకుండానే కనిపిస్తాయి, దూరంగా వచ్చే బస్సు నంబరు మాత్రం ఇంకా మసకవుతుంది. ఆ సంతోషం ఎక్కువకాలం ఉండదు. అంటే ఆయన శుక్లం కరగలేదు, పెరుగుతోంది.

ముదిరేదాకా ఆగాలన్న మాట మన పెద్దవాళ్ల కాలంలో నిజమే. అప్పుడు కన్ను పెద్దగా కోసి లెన్స్ మొత్తం తీసేసేవారు, లోపల వేరే లెన్స్ పెట్టేవారు కాదు, ఆ తర్వాత సోడాబుడ్డి అద్దాలే గతి. కంటి లోపల లెన్స్ పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు మొదలుపెట్టారు, శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి చిన్న కోతలోంచి లాగేసే పద్ధతి 1967లో చార్లెస్ కెల్మన్ అనే ఇంకో డాక్టరు తెచ్చారు. ఇప్పుడు కోత రెండు మూడు మిల్లీమీటర్లే, మామూలుగా కుట్లు కూడా ఉండవు. కాబట్టి రోజువారీ పనులకి ఇబ్బంది మొదలైతే చేయించుకోవచ్చు. మరీ ముదరబెడితే లెన్స్ రాయిలా గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది, ఒక్కోసారి అది ఉబ్బి, లేదా కారి, కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు కూడా వస్తాయి. ఎండాకాలం గురించి ఒక్క మాట చాలు: ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు, చూసుకోవాల్సింది షుగర్ అదుపులో ఉందా లేదా అన్నది.

చూపు బాగుంటే నీటికాసులు లేనట్టే అన్నది మాత్రం నా మనసుకి బాగా తగిలింది. ఎక్కువమందిలో ఈ జబ్బు నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా, పక్క చూపు నుంచి తినుకుంటూ వస్తుంది. మధ్య చూపు చివరిదాకా ఉంటుంది కాబట్టి డాక్టరు గోడ మీద చూపించే అక్షరాలన్నీ చదివేస్తాం. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1990లలో ఇదే హైదరాబాద్‌లో ఇంటింటి నుంచి జనాన్ని ఎంచి పరీక్షిస్తే, ఇలా నెమ్మదిగా వచ్చే రకం నీటికాసులు ఉన్నవాళ్లలో 90 శాతానికి పైగా మందికి తమకి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు.

మా పెద్ద మామయ్యకి తెలుసు. తెలిసి కూడా మానేశారు. "ఏడాది నుంచి వేస్తున్నా, చూపు ఒక్క పిసరు పెరగలేదు" అని డాక్టరు ఇచ్చిన చుక్కలు పక్కన పెట్టారు, మాకెవరికీ చెప్పలేదు. ఏడాదిన్నర తర్వాత ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర రోడ్డు దాటుతుంటే పక్క నుంచి వచ్చిన ఆటో ఆయనకి కనిపించనే లేదు. దెబ్బలు మానాయి. చూపు మాత్రం ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టే, అన్నం కంచం కనిపిస్తుంది, పక్కనున్న నీళ్ల గ్లాసు కనిపించదు. ఆ చుక్కల మందు చూపు పెంచడానికి కాదు, ప్రెషర్ దించి ఉన్న చూపుని నిలబెట్టడానికి. లేజరైనా ఆపరేషనైనా ఇందులో అంతే. చుక్కలు మాత్రం బీపీ మాత్రలాగా రోజూ వేయాల్సిందే. కొన్ని చుక్కలు ఆస్తమా ఉన్నవాళ్లకి పడవు, ఆ సంగతి డాక్టరుకి ముందే చెబితే వేరే మందు ఇస్తారు.

ఆ మెసేజ్‌లో లేని రెండు విషయాలు కూడా చెప్పాలి. కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, నెలల తరబడి వేస్తే అది శుక్లాన్నీ తెస్తుంది, నీటికాసులనీ తెస్తుంది. రెండోది, ఉన్నట్టుండి కంట్లో తీవ్రమైన నొప్పి, వాంతులు, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, చూపు మసక వస్తే అది తలనొప్పో గ్యాసో అనుకుని పడుకోకండి. కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగినప్పుడు అలా అవుతుంది, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చిన్నమ్మా, నీకు 56 నిండాయి, పెద్ద మామయ్య నీకు సొంత అన్న. తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ తేనె చుక్కల సీసా పారబోయి. మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, సోమవారం సెలవు పెట్టి పొద్దున్నే వచ్చి నిన్ను తీసుకెళ్తాను. అద్దాల పవర్ ఒక్కటే కాదు, కంటి ప్రెషర్ కొలవమని, కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసి నరం చూడమని అడుగుదాం. ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, అందుకని ఒక్కదానివే బస్సెక్కి బయల్దేరకు.