రబ్బరు బ్యాండుతో పోయే మొలకు లేజర్ ప్యాకేజీ దేనికి?

ఈరోజు ఉదయం మా బావగారికి తోడుగా విశాఖలోని ఒక మొలల (పైల్స్) క్లినిక్కుకు వెళ్ళి వచ్చాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. డాక్టరుగారు మలద్వారం లోపల చూసే ప్రాక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో చూసి, ఇవి లోపలి మొలలని, రెండో దశలో ఉన్నాయని, అంటే ముక్కినప్పుడు బయటికి వచ్చి తమంతట తామే లోపలికి వెళ్ళిపోతున్నాయని రెండు మాటల్లో తేల్చేశారు. ఆ తరువాత పక్క గదిలో కౌన్సెలర్ అమ్మాయి లేజర్ ప్యాకేజీ గురించి, బీమా కార్డు గురించి, శనివారంలోగా చేరితే ఇచ్చే రాయితీ గురించి మాత్రం తీరిగ్గా వివరించింది. "బ్యాండు వేయరా అమ్మా?" అని నేను అడిగితే, "అది పాత పద్ధతి సార్, మళ్ళీ వచ్చేస్తాయి" అని నవ్వింది. పట్టుచీర అంటగట్టాలని చూసే దుకాణంలో కూడా అడిగితే నూలుచీర తీసి చూపిస్తారు కదా!

పాత పద్ధతే, కాదనను. బారన్ అనే అమెరికా సర్జన్ 1963లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు, ఇప్పటికీ మొదటి, రెండో దశల్లోనూ, మూడో దశలో చాలామందికీ ప్రపంచమంతటా వైద్యులు చేస్తున్నది అదే. మొల మొదట్లో చిన్న రబ్బరు రింగు బిగిస్తే దానికి రక్తం అందక, అది ఎండిపోయి, వారం పది రోజుల్లో రాలిపోతుంది. లోపలి మొలలు పుట్టే చోట చర్మానికి ఉన్నట్టుగా నొప్పి తెలిపే నరాలు ఉండవు కనుక మత్తు అక్కరలేదు, కొన్ని నిమిషాల్లో పని పూర్తయి రోగి నడిచి ఇంటికి వెళ్ళిపోతాడు. ఒకటి రెండు రోజులు లోపల బరువుగా అనిపించవచ్చు, మొల రాలేటప్పుడు కొద్దిగా రక్తం కనబడవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి, తీవ్రమైన నొప్పి, జ్వరం, మూత్రం రాకపోవడం వంటివి కనిపిస్తే వెంటనే తిరిగి వెళ్ళాలి. ఇది కాక, బాదం నూనెలో కలిపిన ఫినాల్‌ను సూదితో ఎక్కించి మొలను కుదించే పద్ధతి ఒకటుంది, పరారుణ కిరణాల వేడితో రక్తనాళాలను మూసే పద్ధతి మరొకటుంది. ఇవేవీ ఆ అమ్మాయి చేతిలోని రంగుల కరపత్రంలో లేవు, బహుశా వాటికి గది అద్దె, మత్తు డాక్టరు, థియేటరు ఖర్చు చూపించే వీలు లేకపోవడమే వాటి నేరం కావచ్చు.

ఇంతకీ ఆటోల వెనకా, ఫ్లైఓవర్ స్తంభాల మీదా "ఆపరేషన్ లేకుండా లేజర్" అని రాసుకునే మహానుభావులు, ఆ లేజర్‌ను సాధారణంగా ఆపరేషన్ థియేటర్‌లోనే, మత్తు ఇచ్చే చేస్తారన్న సంగతిని ఏ మూల రాస్తారో నాకు ఇంతవరకు కనబడలేదు. బ్యాండు వేస్తే మళ్ళీ వస్తాయట, లేజర్ చేయించుకున్నవారికి మాత్రం మళ్ళీ రావని బ్రహ్మ రాసిచ్చాడు కాబోలు. నాలుగో దశలో, ఎంత నెట్టినా లోపలికి వెళ్ళని మొలలకు శస్త్రచికిత్స కావాలంటే నాకేమీ అభ్యంతరం లేదు. రెండో దశవాడిని థియేటర్‌కు తోలడమే నా బాధ.

అసలు బ్యాండు కంటే ముందు చెప్పవలసిన మాట పీచు గురించి. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు, దానికి తగినన్ని నీళ్ళు, రాత్రి పడుకునేముందు కాస్త ఇసబ్‌గోల్, దొడ్డికి వెళ్ళినప్పుడు ముక్కకుండా త్వరగా లేచి రావడం, ఇవి సరిగా పాటిస్తే తొలి దశలో చాలామందికి రక్తం ఆగిపోతుంది. మన తాతలు చోడి (రాగి) అంబలి తాగి పొలానికి వెళ్ళారు, మనం పాలిష్ బియ్యం తిని సెల్‌ఫోన్ పట్టుకొని కమోడ్ మీద కొలువుదీరుతున్నాం. బావగారికి ఈ సలహా ఇచ్చింది డాక్టరుగారు కాదు, కౌన్సెలర్ అంతకన్నా కాదు, రశీదు ఇచ్చే కుర్రాడు.

వీళ్ళనైనా ఒక మెట్టు క్షమించవచ్చు, కనీసం లోపల చూసి మాట్లాడారు. మా పిన్ని విషయంలో జరిగింది మాత్రం ఎన్నేళ్ళయినా నేను మరచిపోలేను. ఆమె ఏళ్ళ తరబడి రక్తం పోతున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి చెబితే, ఇంట్లో మగవాళ్ళు "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నారు, వీధి చివర మందుల దుకాణంవాడు అడిగినప్పుడల్లా ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. రక్తం పడితే అది మొలలే అయి ఉండనక్కరలేదు, పెద్దపేగు క్యాన్సర్‌లోనూ పడుతుంది కనుక, ముఖ్యంగా నలభై అయిదు దాటినవారికి పేగు లోపల కూడా చూడాలా అన్నది వైద్యుడు తేల్చాలి. పిన్నికి అదృష్టవశాత్తు మొలలే, అదీ బ్యాండుతో ఆగిపోయినవే. అయితే అప్పటికే ఆమె ముఖం పాలిపోయి, మేడ మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చింది. రక్తహీనత అని ఐరన్ మాత్రలు రాసిన డాక్టర్లలో ఒక్కరు కూడా, ఆ రక్తం ఎటు పోతోందని ఆమెను అడగలేదు.