‘ఓటీపీ చెప్పు నాన్నా’ అనడం మానేద్దాం

అమెరికాలో ఉంటూ గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నల పనులన్నీ ఫోన్ మీదే చక్కబెట్టే పిల్లలు ఇక్కడి మన తెలుగు సంఘంలో చాలామంది ఉన్నారు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, రైలు టికెట్లు, డిపాజిట్ రెన్యువల్... అన్నీ ఇక్కడి నుంచే. ఏ పని మొదలుపెట్టినా చివరికి వచ్చి ఒకచోటే ఆగుతుంది.

‘‘నాన్నా, మెసేజ్ వచ్చిందా? అందులో ఆరంకెల నంబర్ ఉంటుంది, చదువు.’’

‘‘ఉండరా, కళ్లజోడు పెట్టుకోనీ.’’

ఆయన ఒక్కో అంకె ఒత్తి పలుకుతూ చదువుతారు. ఇక్కడ టైప్ చేస్తాం, పని అయిపోతుంది. ప్రేమతో చేస్తున్న పనే, కాదనను. కానీ ఇలా నెలనెలా చేయించి, ఫోన్‌లో ఎవరైనా అడిగితే ఓటీపీ చదివి వినిపించాలని డెబ్బై ఏళ్ల మనిషికి మనమే అలవాటు చేస్తున్నాం. రేపు ఎవడో ‘‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానండీ, మీ కేవైసీ ఆగిపోయింది, ఒక నంబర్ వస్తుంది చెప్పండి’’ అని మర్యాదగా అడిగితే ఆయనకు అందులో తేడా ఎలా కనిపిస్తుంది? ‘దీన్ని ఎవరికీ చెప్పవద్దు’ అని ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. ఆ మాటను లెక్కచేయనక్కర్లేదని ఆయన మన దగ్గరే నేర్చుకున్నారు.

సైబర్ మోసాల గురించి మన సమావేశాల్లో ఎప్పుడు మాట వచ్చినా ‘పెద్దవాళ్లకు తెలియదు, అమాయకులు’ అనే అంటాం. నేను ఒప్పుకోను. జీవితమంతా రూపాయి రూపాయి లెక్క చూసుకుని, రసీదులు ఫైళ్లలో భద్రంగా దాచిన మనుషులు వాళ్లు. తొందరలో ఉన్నది మనం. ఆ తొందరకు వాళ్ల జాగ్రత్తను బలిపెడుతున్నాం.

డబ్బు పోయాక బాధ్యత ఎవరిదన్నది కూడా తెలుసుకోవాలి. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో ఈ సంగతి స్పష్టంగా ఉంది. తప్పు అటు బ్యాంకుదీ ఇటు ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగి, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. కానీ రహస్య వివరాలు తానే బయటపెట్టడం వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఖాతాదారే భరించాలి. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు బాధ్యత. అంటే నాన్నగారు చదివి వినిపించిన ఆ ఆరంకెలతో పోయిన డబ్బు చట్టప్రకారం కూడా తిరిగి రావడం కష్టం. ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మిగులుతుంది.

మరి బిల్లులు ఎలా కట్టాలి? కరెంటు బిల్లుకు సర్వీస్ నంబర్ ఉంటే చాలు, ఎవరి ఖాతా నుంచైనా కట్టొచ్చు. ఇండియాలో మీకున్న ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసులకు బ్యాంకులు ఇచ్చే ఖాతా) నుంచి కట్టండి. 2023 నుంచి అమెరికాతో సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు కల్పించారు. మీ బ్యాంకు ఇస్తోందో లేదో కనుక్కోండి. ప్రతి నెలా తప్పనివాటికి ఆటోపే పెట్టండి. నాన్నగారి ఖాతాతోనే చేయాల్సిన పనులుంటే ఆయన చేత్తోనే చేయించండి. కాస్త ఆలస్యమైనా పర్వాలేదు. ఇంట్లో ఒకే నియమం ఉండాలి: ఓటీపీ కొడుక్కి కూడా చెప్పకూడదు. ‘మా అబ్బాయికే చెప్పను, నీకు చెబుతానా’ అని ఆయన ఎవరితోనైనా అనగలగాలి.

ఇదే ఆరంకెల వ్యవహారం వాట్సాప్‌లోనూ ఉంది, ఇది మన వయసువాళ్లనూ ముంచుతోంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచే మెసేజ్ వస్తుంది: ‘‘బాబాయ్, నా కోడ్ పొరపాటున నీ నంబర్‌కి వచ్చింది, కాస్త పంపవా?’’ అది మీ ఖాతాను ఇంకో ఫోన్‌లో తెరవడానికి వచ్చిన కోడ్. పంపిన నిమిషంలో మీ వాట్సాప్ మీ చేతుల్లోంచి పోతుంది. మీ పేరుతో, మీ ఫొటోతో కుటుంబం గ్రూపులో ‘అర్జెంటుగా నలభై వేలు సర్దండి, సాయంత్రానికి వేసేస్తా’ అని మెసేజ్ వెళుతుంది. మనవాళ్లలో అడిగినప్పుడు లేదనడం మర్యాద కాదు కాబట్టి ఎవరో ఒకరు పంపేస్తారు. మొదట కోడ్ అడిగిన ‘అబ్బాయి’ ఖాతా కూడా అప్పటికే అలాగే పోయి ఉంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఉంటుంది. అక్కడ మీరే ఒక ఆరంకెల పిన్ పెట్టుకుంటే కోడ్ పొరపాటున జారినా వాడు అక్కడే ఆగిపోతాడు. మీ వాట్సాప్ ఇంకా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైసెస్ కూడా తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే వెంటనే తీసేయండి.

శుభలేఖల సంగతి వేరే చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్‌లో వాట్సాప్‌లో శుభలేఖ వస్తే ఎవరిదా అని ఆత్రంగా తెరవనివాళ్లు మనలో ఎవరు? ఆ ఆత్రాన్నే వాడుకుంటున్నారు. శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఫైలు పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే అది యాప్. ఇన్‌స్టాల్ చేసి అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే ఫోన్‌కు వచ్చే ఎస్ఎంఎస్‌లను అదే చదివి అవతలికి పంపేయగలదు. ఇక ఓటీపీ అడగాల్సిన పని కూడా ఉండదు. ట్రాఫిక్ చలాన్ల పేరుతోనూ ఇలాంటి ఫైళ్లే తిరుగుతున్నాయి.

ఇక ఈమెయిల్. పాస్‌వర్డ్ మర్చిపోయామంటే మార్చుకునే లింకు ఎక్కువగా వచ్చేది దానికే. చాలా ఖాతాల తాళంచెవులు అక్కడే ఉంటాయి. అందుకే అన్నింటికన్నా గట్టి పాస్‌వర్డ్ దానికి ఉండాలి, అది ఇంకెక్కడా వాడకూడదు. దేవుడి పేరు, పక్కన పిల్లల పుట్టిన సంవత్సరం... మన పాస్‌వర్డ్‌లు ఇలా ఉంటాయని మోసగాళ్లకు బాగా తెలుసు. ఎక్కడో చిన్న షాపింగ్ సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు బయటపడితే, వాటినే జీమెయిల్‌లోనూ బ్యాంకుల్లోనూ వేసి చూసే పని ప్రోగ్రాములు రాత్రింబవళ్లు చేస్తుంటాయి. మీ ఈమెయిల్ అలా ఎక్కడైనా బయటపడిందేమో సైబర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో పెట్టిన ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అన్నీ గుర్తుపెట్టుకోలేం కాబట్టి వాటిని భద్రంగా దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడండి. రెండో తాళంగా ఎస్ఎంఎస్ బదులు, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ గానీ, వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో తెరుచుకునే పాస్‌కీ గానీ పెట్టుకోండి.

ఒకసారి హ్యాక్ అయిన ఈమెయిల్‌కు పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే సరిపోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండూ తెరిచి చూడాలి. బ్యాంకు నుంచి వచ్చే ప్రతి మెయిల్‌నూ ఇంకో అడ్రస్‌కు పంపి, మీకు కనపడకుండా ట్రాష్‌లో పడేసే ఫిల్టర్ ఒకటి హ్యాకర్ పెట్టి వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఖాతా తిరిగి తెరవడానికి ఇచ్చిన రికవరీ ఫోన్ నంబర్ మీదేనా అన్నదీ చూసుకోండి.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. రీఛార్జ్ చేయక ఆగిపోయిన మీ పాత ఇండియా నంబర్ గుర్తుందా? డిస్‌కనెక్ట్ అయిన నంబర్‌ను 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ ఆధార్, బ్యాంకు ఇంకా ఆ నంబర్‌కే ముడిపడి ఉంటే, మీ ఓటీపీలు ఇప్పుడు ఎవరో తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంటాయి. నంబర్ ఉంచుకోవాలనుకుంటే రీఛార్జ్ మానొద్దు. వద్దనుకుంటే ముందు అన్నిచోట్లా మార్పించి తర్వాత వదిలేయండి.

కొత్తగా వచ్చిన విద్యార్థుల గురించి నాకు ఎక్కువ దిగులు. ‘ఇమిగ్రేషన్ ఆఫీసర్ని, నీ పేపర్లలో తేడా ఉంది, గంటలో గిఫ్ట్ కార్డులు కొనకపోతే డిపోర్ట్ చేస్తాం’ అని ఫోన్ వస్తుంది. స్క్రీన్ మీద నిజమైన ప్రభుత్వ నంబరే కనిపించొచ్చు, దాన్ని నకిలీ చేయడం కష్టమేమీ కాదు. గిఫ్ట్ కార్డులతో డబ్బు తీసుకునే ప్రభుత్వ ఆఫీసు ఈ దేశంలో లేదు. అటు ఇండియాలో మోసగాళ్లు పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి, ‘డిజిటల్ అరెస్ట్’ చేశామని మనిషిని ఫోన్ ముందే కూర్చోబెడుతున్నారు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబర్‌లో ప్రధాని స్వయంగా ‘మన్ కీ బాత్’లో చెప్పారు. అయినా ‘ఈ విషయం ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ పెట్టొద్దు’ అని భయపెడితే ఒంటరిగా ఉన్నవాళ్లు లొంగిపోతారు. మన విద్యార్థులకు అర్ధరాత్రయినా ఫోన్ చేయడానికి ఒక తెలుగు అన్నో, అక్కో ఉండాలి. సంఘం చేయగలిగిన పని ఇది, సంక్రాంతి ముగ్గుల పోటీ కన్నా ముందు చేయాల్సిన పని.

సంఘానికి ఇంకో విన్నపం కూడా ఉంది. సభ్యుల డైరెక్టరీని పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచడం ఆపుదాం. పేరు, ఫోన్, ఇంటి అడ్రస్, పిల్లల పేర్లు ఒకేచోట దొరికితే ‘అంకుల్, నేను ఫలానావాళ్ల అబ్బాయిని’ అని నమ్మించడానికి ఇంకేం కావాలి?

వేసవిలో చాలామంది అమ్మానాన్నలు ఇక్కడికి వస్తారు. గుళ్లూ నయాగరా చూపించడంతో పాటు ఒక మధ్యాహ్నం వాళ్ల ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోండి. వాట్సాప్ పిన్ వాళ్ల చేతే పెట్టించండి. తెలియని యాప్‌లు తీసేయండి. తెలియని వాళ్లెవరైనా ఎనీడెస్క్ వంటి స్క్రీన్ షేరింగ్ యాప్‌లు వేసుకోమంటే ఎందుకు వేసుకోకూడదో చూపించండి. డబ్బు పోతే ఇండియాలో వెంటనే చేయాల్సిన నంబర్ 1930, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. దాన్ని కాంటాక్ట్స్‌లో వాళ్లకు తట్టే పేరుతో, తెలుగులోనే సేవ్ చేయండి. బ్యాంకు కార్డు వెనకున్న నంబర్ కూడా దాని పక్కనే ఉండాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే ముందు ఆ రెండింటికీ, ఆ తర్వాతే మీకు ఫోన్ చేయమని చెప్పండి. ‘ఎందుకు పోగొట్టావ్’ అని మీరు అడగరన్న నమ్మకం వాళ్లకు ఉంటేనే ఆ ఫోన్ ఆలస్యం కాకుండా వెళుతుంది.