పాత బియ్యమా, పసుపు బియ్యమా

(కోవూరులో ఒక రైస్ మిల్లు. విటమిన్ ఎ కోసం జన్యువులు మార్చిన పసుపు వరి, గోల్డెన్ రైస్, మన మళ్లలోకి రావచ్చా అని మిల్లు నడిపే మామకీ, వ్యవసాయం చదివిన అల్లుడికీ పట్టుదల వచ్చింది.)

మామ: జన్యువు మార్చిన పంటలో బలం ఉండదురా. చూపుకే గింజ.

అల్లుడు: ఏ జన్యువో చూడకుండా ఎట్టా చెప్తారు మామా? 2002 నుంచి వేస్తున్న బీటీ పత్తిలో మార్చింది కాయతొలుచు పురుగుని చంపే ప్రొటీన్ కోసం, బలం జోలికే పోలేదు. గోల్డెన్ రైస్ దారి వేరు. వరి ఆకులో బీటా కెరోటిన్ ఉంటది, మన ఒంట్లో విటమిన్ ఎ అయ్యేది అదే, తవుడు తీసిన తెల్లగింజలో ఉండదు. అక్కడే తయారయ్యేటట్టు చేశారు. 2000లో చూపించిన మొదటి రకంలో కెరోటిన్ జాతివన్నీ కలిపి గ్రాముకి 1.6 మైక్రోగ్రాములే. డాఫొడిల్ పువ్వు జన్యువు తీసేసి మొక్కజొన్నది పెట్టాక, 2005కి 37 దాకా పోయింది. గింజ లోపలే ఉంటది కాబట్టి ఎంత పాలిష్ పట్టినా పోదు.

మామ: పాలిష్‌కి పోదు సరే, నిలవకి? కొత్తబియ్యం ముద్దవుద్దని మనం ఏడాది మాగబెట్టి తింటాం. గాలి తగిలితే కెరోటిన్ నిలుస్తదా?

అల్లుడు: (కాస్త ఆగి) నిలవదు, తగ్గుద్ది. పైగా 2018లో అమెరికాలో తిండినీ మందుల్నీ తనిఖీ చేసే ఎఫ్‌డీఏ తినడానికి ఇబ్బంది లేదంటూనే, పోషకం ఉందని సంచి మీద రాసుకునేంత కెరోటిన్ లేదంది.

మామ: మరింకేం! పెరట్లో మునగాకు ఉంది.

అల్లుడు: కూరల్లో కెరోటిన్ 12 పాళ్లు తింటే విటమిన్ ఎ 1 పాలు అని లెక్క. ఈ బియ్యంతో పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో 3.8 పాళ్లే సరిపోయింది. అయినా మునగాకు రోజూ వండుతున్నారా?

మామ: అది సరేగానీ, రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలిపింది మీ చదువుకున్నోళ్లే గదా? కడిగితే తేలుతుంటే మీ అత్త ఏరి పారేస్తది.

అల్లుడు: ప్లాస్టిక్ కాదు మామా! బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మిషన్లో గింజలా ఒత్తుతారు. 100 కిలోలకి ఒక కిలో. జన్యుమార్పిడికీ దానికీ సంబంధమే లేదు. ఏరేస్తే పోయేది ఆ ఇనుమే.

మామ: ఏమో, నాకు నమ్మకం లేదు.

అల్లుడు: కెరోటిన్ ఒంటబట్టాలంటే అన్నంలో కాస్త కొవ్వు పడాలి. మునగాకైనా అంతే.

మామ: పచ్చడి మెతుకులు తినే కూలోడికి నెయ్యి యాడిదిరా?

అల్లుడు: తాలింపు నూనె చాలు. మీ ఇంట్లో డబ్బా పత్తిగింజల నూనే గదా, అది బీటీ పత్తిదే.

మామ: అది రిఫైండ్‌రా!

అల్లుడు: అందుకే దాంట్లో బీటీ ప్రొటీన్ మిగలదు. భయపడబాకండి.

మామ: నేను కాదు, మీ అత్తకి చెప్పమాక. రేపట్నుంచి శెనగనూనె తెమ్మంటది, రేటు తెలుసా?