మధుమేహ పరీక్షల్లో చిగుళ్లకు చోటేది?

మధుమేహం ఉన్నట్లు తేలిన నాటి నుంచి రోగికి ఒక పరీక్షల క్రమం అలవాటవుతుంది. కొన్ని నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్త పరీక్ష), ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూడటం ఇందులో భాగాలు. వీటిలో అనవసరమైనది ఒక్కటీ లేదు. అయితే అదే రోగిని కూర్చోబెట్టి, పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తోందా, ఏ పన్నైనా కదులుతోందా అని అడిగే వైద్యుడు మాత్రం అరుదుగా కనిపిస్తాడు. నోటిని ఇలా వదిలేయడానికి వైద్యపరమైన కారణమేదీ లేదనీ, ఉన్నదల్లా వృత్తుల మధ్య పాతుకుపోయిన ఒక విభజన మాత్రమేననీ నా అభిప్రాయం.

చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ఆరో దుష్పరిణామంగా లెక్కించాలని నార్వేలో పుట్టిన దంత వైద్య శాస్త్రవేత్త హరాల్డ్ లోయె 1993లోనే రాశారు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు దెబ్బతినడం, గాయాలు త్వరగా మానకపోవడం అప్పటికే జాబితాలో ఉన్న అయిదు. ఆయన ఈ మాట అనడానికి ప్రధాన ఆధారం అమెరికాలోని అరిజోనాలో నివసించే పీమా ఆదివాసులపై జరిగిన అధ్యయనాలు. టైప్ 2 మధుమేహం అత్యధికంగా ఉన్న ఆ సమూహంలో, మధుమేహం లేనివారితో పోలిస్తే ఉన్నవారికి కొత్తగా పెరియోడాంటైటిస్ సోకే రేటు సుమారు 2.6 రెట్లు ఎక్కువగా తేలింది. పెరియోడాంటైటిస్ అంటే చిగురు వాపుతో ఆగిపోకుండా, పంటిని పట్టి ఉంచే నార పోగులూ ఎముకా క్రమంగా కరిగిపోయే దశ. అలా కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు.

చక్కెరకూ చిగురుకూ సంబంధం ఏమిటంటే, పంటికీ చిగురుకూ మధ్య పేరుకునే పాచిలో సూక్ష్మజీవులు అందరికీ ఉంటాయి. తేడా వచ్చేది వాటిపై శరీరం స్పందించే తీరులో. రక్తంలో గ్లూకోజ్ చాలాకాలం ఎక్కువగా ఉంటే అది ప్రోటీన్లకు అతుక్కుని కొన్ని మొండి సమ్మేళనాలను తయారుచేస్తుంది. అవి చిగురులోని కణాలను రెచ్చగొట్టి వాపును పెంచే రసాయనాలను విడుదల చేయిస్తాయి, చిగురుకు పటుత్వమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను బిరుసుగా మార్చి పాతది పోయి కొత్తది రావడాన్ని అడ్డుకుంటాయి. సూక్ష్మజీవులను ముందుగా ఎదుర్కోవలసిన తెల్లరక్తకణాలు మందగిస్తాయి. మరోవైపు ఎముకను తినే కణాలు చురుకవుతాయి. అందువల్ల ఒకే మోతాదు పాచి ఉన్నా షుగర్ అదుపులో లేని వ్యక్తికి జరిగే నష్టం ఎక్కువ. అదుపులో ఉన్నవారికి ముప్పు ఇంచుమించు మామూలు మనిషి స్థాయికి దిగివస్తుందన్నది ఇక్కడ మరవకూడని సంగతి.

ఈ దారిలో రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. తీవ్రమైన పెరియోడాంటైటిస్ ఉన్న నోటిలో, పళ్ల చుట్టూ పుండుపడిన లోపలి పొరనంతా పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని అంచనా. చర్మం మీద అంత పుండు ఉంటే ఎవరూ నెలల తరబడి ఊరుకోరు. అక్కడి నుంచి రక్తంలోకి చేరే వాపు రసాయనాలు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. మొదట్లో చిగుళ్ల వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో కొన్నేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 9 శాతం దాటే అవకాశం ఎక్కువని పీమా సమూహంపైనే 1996లో వచ్చిన మరో పరిశీలన చూపింది.

మరి చిగుళ్లకు చికిత్స చేస్తే షుగర్ తగ్గుతుందా? చర్చంతా ఎక్కువగా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 514 మందిపై జరిగి 2013లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఆరు నెలల తర్వాత ఏ ప్రయోజనమూ కనిపించలేదని తేల్చింది. చికిత్స అయ్యాక కూడా ఆ రోగుల్లో పాచి, రక్తస్రావం గణనీయంగా మిగిలే ఉన్నాయనీ, సరిగా నయం కాని చిగురు నుంచి ఫలితం ఆశించడం సబబు కాదనీ విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో బలం ఉంది. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2022లో నవీకరించిన సమీక్ష 35 అధ్యయనాలను కలిపి చూసి, చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు, ఆరు నెలలకు 0.30 పాయింట్లు తగ్గిందని లెక్కగట్టింది. ఇది చిన్న తగ్గుదలే. పళ్లు శుభ్రం చేయిస్తే మధుమేహం పోతుందన్నట్లు చెప్పే ప్రచారాన్ని ఎంతమాత్రం నమ్మకూడదు. మందులు, ఆహారం, వ్యాయామం చేసే పనిని పళ్ల గార తీసే స్కేలింగ్ చేయలేదు. కానీ చిగుళ్ల చికిత్సకు షుగర్ తగ్గించడమే పరీక్షగా పెట్టడం నాకు మొదటి నుంచీ వింతగానే తోస్తుంది. రెటీనాకు లేజర్ చేసినప్పుడు హెచ్‌బీఏ1సీ ఎంత దిగిందని ఎవరూ అడగరు, చూపు నిలిచిందా అనే అడుగుతారు. పళ్లు నిలబడి, మనిషి నమిలి తినగలగడం అంతకంటే చిన్న ఫలితమేమీ కాదు.

దంత వైద్యులు తమ వైపు నుంచి ఈ సంబంధాన్ని ఎప్పుడో లెక్కలోకి తీసుకున్నారు. 2018లో ప్రచురితమైన అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం, పెరియోడాంటైటిస్ రోగికి మధుమేహం ఉండి హెచ్‌బీఏ1సీ 7 శాతం లేదా అంతకుమించి ఉంటే వ్యాధిని వేగంగా ముదిరే తరగతిలో చేరుస్తారు. అవతలి వైపు, అంటే మధుమేహ వైద్యంలో, కాగితాల మీదైతే లోటు లేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2009లోనే నోటి ఆరోగ్యంపై మార్గదర్శకం ఇచ్చింది. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2022లో ఈ ముప్పును రోగులకు చెప్పాలంటూ తన సిఫార్సులను సవరించింది. ఆచరణలో మాత్రం మధుమేహ వైద్యుడి ఫైల్లో చిగుళ్లకు ఒక గడి ఉండదు. తొలి దంత వైద్య కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వైద్య కళాశాలకు విడిగా ఏర్పడింది. అప్పటి నుంచి పళ్ల చదువు వేరు, పళ్ల ఆసుపత్రి వేరు, చాలాచోట్ల పళ్లకు బీమా కూడా వేరు. ఈ చీలికకు మూల్యం చెల్లిస్తున్నది రెండు చోట్లకూ తిరగలేని రోగి.

వ్యాధి స్వభావం కూడా ఇందుకు తోడైంది. పెరియోడాంటైటిస్ చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది. దాన్ని పట్టించేది మొద్దు కొన ఉన్న, మిల్లీమీటర్ గీతలు వేసిన ఒక సన్నని కడ్డీ. దంత వైద్యుడు దాన్ని చిగురు అంచున మెల్లగా దింపి ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తాడు. 28 పళ్లుంటే 168 కొలతలు. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర కడ్డీ 1 నుంచి 3 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. అయిదు, ఆరు అని వినిపించిన చోట బ్రష్ చేరలేదు, కడ్డీ తీసిన కొన్ని క్షణాలకే రక్తం బొట్టు పైకి వస్తుంది. పొగ తాగేవారిలో ఆ రక్తం కూడా సరిగా కనిపించదు, కాబట్టి రక్తం రావడం లేదన్న ధైర్యం వారికి చెల్లదు. గార తీయించుకుంటే పళ్లు వదులవుతాయన్న భయం చాలామందిని కుర్చీ దాకా రానివ్వదు. అప్పటికే ఎముక కరిగిపోయిన పళ్ల మధ్య ఖాళీలను అంతవరకూ గార పూడ్చి ఉంచుతుంది. అది పోగానే, వాపు తగ్గగానే అసలు నష్టం బయటపడుతుంది.

నోరు ఎండిపోవడం గురించి కూడా చెప్పుకోవాలి. షుగర్ ఎక్కువై తరచూ మూత్రం పోవడం, లాలాజల గ్రంథులు మందగించడం, రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు కలిసి లాలాజలాన్ని తగ్గిస్తాయి. ఆమ్లాలను విరిచే ఆ రక్షణ పోతే పంటి మెడ దగ్గర పిప్పి పళ్లు వస్తాయి, కట్టుడు పళ్ల కింద ఎర్రగా ఫంగస్ పడుతుంది. దాన్ని మాన్పడానికి మందు ఒక్కటే చాలదు, కట్టుడు పళ్లను రాత్రి తీసి శుభ్రం చేయడమూ అవసరమే.

మధుమేహ క్లినిక్‌లో దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. రక్తం, కదలిక, చివరిసారి దంత వైద్యుణ్ని చూసిన ఏడాది అనే మూడు విషయాలను నర్సు రాసుకున్నా చాలు, ఎవరిని పంపాలో తెలుస్తుంది. ఎదురు దిశలోనూ ఈ అవకాశం ఉంది: చాలా పళ్ల చుట్టూ చిగురులో లోతైన గుంటలు, మానని చీము గడ్డలు కనిపించినప్పుడు దంత వైద్యుడు షుగర్ పరీక్ష రాస్తే, తమకు మధుమేహం ఉందని తెలియని కొందరు అక్కడే బయటపడతారు. షుగర్ ఉంటే పన్ను తీయించుకోకూడదన్న మాటలో సగమే నిజం. అదుపు బాగా తప్పినప్పుడు వాయిదా వేయదగిన పనిని వాయిదా వేస్తారు, చీముపట్టిన పన్నును మాత్రం అలా వదిలేయరు, ఎందుకంటే ఆ ఇన్ఫెక్షనే షుగర్‌ను పైకి నెడుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు దంత వైద్యుని దగ్గరికి ఉదయం పూట, వేళకు తిని, మందు వేసుకుని వెళ్లాలి. నోరు మొద్దుబారి కొన్ని గంటలు తినలేకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది గనుక, ఆ పూట మోతాదు ఏమిటో ముందురోజే తమ వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.